నలభై అక్షరాల గడి

ప్రతి సంవత్సరము సంచిక సంపాదకవర్గమువారు నన్ను ప్రబంధకవులను గూర్చియో, శతక వాఙ్మయమును గూర్చియో నాలుగు మాటలు వ్రాయుమని కోరుట, నేను వ్రాయుట పరిపాటి అయినది. ఈసారి ఆ త్రోవ విడిచి, గ్రంథాలయపు కంప్యూటరు ముందు నేను తలవంచుకొన్న సంగతి ఒకటి చెప్పదలచినాను. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో తెలుగు ఎం.ఏ. చదివినవాడికి సర్వరుతో ఏమి పని అని మీరు నవ్వవచ్చును. చిన్న కళాశాలలో చేయి ఖాళీగా కనబడినవాడే ఇన్‌ఛార్జి అగుననుట కమిటీ పెద్దలకు తెలియనిది కాదు.

మన వెబ్‌సర్వరులో పాత ప్రశ్నపత్రాలు, పాఠాల గమనికలు, ఇంటిపనులు ఉన్నవి. భోగాపురం చుట్టుప్రక్కల గ్రామాల నుండి బస్సులు మారి వచ్చే పిల్లలు ఇంటివద్దనే వాటిని చూచుకొనవలెనని ఆ ఏర్పాటు. తలుపువద్ద చిన్న గడి వచ్చి రోల్ నంబరును, పాస్‌వర్డును అడుగుతుంది. సర్వరును నడిపే అపాచీ అను సాఫ్ట్‌వేరు ఆ రోల్ నంబరును తీసుకొని మైఎస్‌క్యూఎల్ డేటాబేసును, “ఈ నంబరుకు ఎదురుగా నీవద్ద ఏమి వ్రాసి ఉన్నది?” అని ప్రశ్నిస్తుంది. వచ్చిన జవాబు సరిపోలినచో తలుపు తీస్తుంది. లేనిచో అదే గడి మరల వస్తుంది. తప్పు ఎక్కడిదో చెప్పదు. మరల అడుగుటయే దాని భాష.

మొదటి సంవత్సరమున 43 మంది చేరినారు. మొదటి వారములో నమోదైన 26 మంది సుఖముగా లోనికి పోవుచున్నారు. తరువాత చేరిన 17 మందికి తలుపు తెరచుకొనలేదు. ఆలస్యముగా చేరినవారికి శ్రద్ధ కూడా ఆలస్యముగానే వచ్చునని నేను సులభముగా తీర్మానించుకొన్నాను. వ్యాసము సమర్పించని ఆ 17 మందికి అయిదు మార్కులకు సున్నాలు వేసి, జాబితాను కార్యాలయమునకు పంపినాను. వారిలో ఒక బాలిక మాత్రము లేచి నిలిచి, “నేను తప్పు కొట్టలేదు సార్” అన్నది. మరల అన్నది. మూడవసారి అన్నప్పుడు నేను, “అయితే యంత్రానికి నీమీద పగ ఉన్నదా అమ్మా?” అన్నాను. తరగతి అంతా నవ్వినది. ఆమె కూర్చున్నది.

ఆనాటి సాయంత్రము ఇంటికి చేరుసరికి మా అమ్మీ ఖాళీ సంచితో గుమ్మములో కూర్చుని ఉన్నది. చౌకధరల దుకాణములో వేలిముద్ర పడలేదట. ఏండ్ల తరబడి అంట్లు తోమి, బట్టలు ఉతికి అరిగిన వేళ్లు. ఒక్కొక్క వేలూ పెట్టి చూచినారట, యంత్రము ఒప్పుకొనలేదట. “వేళ్లు నావే కదరా బాబూ, నేను కాదంటే ఇంకెవరు?” అన్నది. నేను ఆమెకు నచ్చజెప్పుటకు నోరు తెరచి, మాట రాక ఊరకున్నాను. మధ్యాహ్నము తరగతిలో నేను పలికిన మాట నాకే వినబడుచుండెను.

మరునాడు ప్రొద్దున్నే వచ్చి సర్వరు వ్రాసుకొను దోషముల చిట్టాను తెరచినాను. ఈ పని మొదటి రోజే చేయవలసినది. రోల్ నంబరు దొరకకపోయినచో ఆ సంగతి చిట్టా చెబుతుంది. డేటాబేసు పలుకకపోయినచో దానినీ వేరుగా వ్రాస్తుంది. ఇక్కడ ఆ రెండును లేవు. పదునేడుగురి ప్రతి ప్రయత్నమునకు ఎదురుగా ఒకటే మాట: ‘పాస్‌వర్డ్ మిస్‌మ్యాచ్’. అనగా మనిషి దొరికినాడు, మాట పోలలేదు. ప్రయోగశాల అటెండరు వెనుక నిలిచి, “ఏటి బాబూ, అందరూ ఒక్కలాగే తప్పు కొడతారేటి?” అన్నాడు. చిట్టా చెప్పనిది ఆయన చెప్పినాడు.

ఇక్కడ విద్యార్థులకు ఒక విషయము వివరించవలెను. మంచి వ్యవస్థ ఏదియు పాస్‌వర్డును ఉన్నదున్నట్లు దాచుకొనదు. అమెరికాలోని ఎం.ఐ.టి.లో 1960లలో నడచిన ఒక పెద్ద కంప్యూటరులో అందరి పాస్‌వర్డులు ఒకే ఫైలులో ఉండెడివి. 1966లో ఒక పొరపాటువలన ఆ ఫైలు, లోనికి వచ్చిన ప్రతివాని యెదుటను ఆనాటి సందేశమువలె ప్రత్యక్షమైనదట! అందువలన పాస్‌వర్డును పిండి చేసి, ఆ పిండిని మాత్రమే దాచుట ఆచారమైనది. పిండి నుండి గింజను తిరిగి చేయలేము. వచ్చినవాడు ఇచ్చిన గింజను మరల విసరి, ఈ పిండి ఆ పిండి ఒకటేనా అని చూడవలసినదే. ఇద్దరి పాస్‌వర్డు ఒకటే అయినను పిండి వేరుగా ఉండుటకు ప్రతిదానిలో చిటికెడు వేరు ‘ఉప్పు’ కలుపుదురు. ఉప్పు అను ఆ పేరు నేను పెట్టినది కాదు, ఆ శాస్త్రజ్ఞులే అట్లు పిలుచుచున్నారు. మోరిస్, థాంప్సన్ అనువారు 1979లో ఈ పద్ధతిని వివరించి వ్రాసినారు. 1999లో వచ్చిన బీక్రిప్ట్ అను తిరుగలి మరింత నిదానముగా తిరుగుతుంది. ఆ నిదానమే దొంగకు విఘ్నము.

మన సర్వరులో అంతవరకు పాత తిరుగలియే ఉండెను. అది బలహీనమైనదని ఒకచోట చదివి, నమోదు మొదలైన రెండవ వారములో నేనే ఉత్సాహముతో దానిని బీక్రిప్టుకు మార్చినాను. ఈ సంగతిని ఎవరికిని చెప్పలేదు. చెప్పవలసినంత పెద్ద పని అని తోచలేదు.

అటెండరు మాట విన్న పిమ్మట డేటాబేసులోని పిండివరుసలను పట్టికగా తీయించి, ఒక్కొక్కటి ఎన్ని అక్షరాలున్నదో లెక్కించినాను. ఇది మాత్రము నా విద్యయే. ఉత్పలమాల పాదమునకు 20 అక్షరాలు, చంపకమాలకు 21. ఎక్కడ ఒకటి తగ్గినను చెవి చెప్పగలదు. పాత వరుసలు ఒక్కొక్కటి 37 అక్షరాలు. క్రొత్తవి 60 ఉండవలెను. పదునేడును సరిగా 40 దగ్గర ఆగిపోయినవి, అంచు విరిగిన తాటాకులవలె! పట్టికను మొదట నిర్మించినవారు ఆ గడికి 40 అక్షరాల వెడల్పు ఇచ్చినారు. పాతవాటికి అది చాలినది. క్రొత్తవాటి తోక 20 అక్షరాలు తెగి నేల రాలినది. పొడవు మించినచో ఒప్పుకొనక ఎదురు చెప్పుట మైఎస్‌క్యూఎల్‌కు 5.7 సంచిక నుండి, అనగా 2015 నుండి, సహజ నియమము. మన యంత్రములో ఏదో పాత ప్రోగ్రాము నడచుటకు ఎవరో దానిని తీసివేసి ఉన్నారు. కనుక అది మారుమాట లేక కత్తిరించి దాచుకొన్నది. పిల్లలు ప్రతిసారి సరియైన మాటయే కొట్టినారు. నేను తోక కోసిన పిండితో అది ఎట్లు పోలును?

గడిని 255 అక్షరాలకు వెడల్పు చేయుట ఒక్క వాక్యపు పని. తీసివేసిన నియమమునూ మరల పెట్టినాను. కాని తెగిన తోకలు తిరిగి మొలవవు. పదునేడుగురిని పిలిచి, క్రొత్తగా పాస్‌వర్డు పెట్టించవలసి వచ్చినది. పిలిచినప్పుడు తరగతి అందరి యెదుటను తప్పు నాదని చెప్పినాను. చెప్పుట కష్టముగా ఉండెను. ఆ బాలిక వైపు చూచి చెప్పుట మరింత కష్టముగా ఉండెను.

కథ అంతటితో ముగిసినదని తలచితిని. రెండు రోజులకు ఆ బాలికయే మరల వచ్చినది. కళాశాలలో తలుపు తీస్తున్నదట, ఇంటివద్ద ఫోనులో తీయుట లేదట. ఈసారి ఎగతాళి నాలుక చివరికి వచ్చినను మ్రింగినాను. “ఎట్లు కొట్టుచున్నావో చెప్పు, మాట మాత్రము చెప్పవద్దు” అన్నాను. “ఉర్దూలో పెట్టుకున్నాను సార్, మా దాదీ పేరు” అన్నది. ఫోను ఆమె అన్న సౌదీ నుండి పంపినది, అందులో ఉన్నది అరబీ కీబోర్డు. ఆ పేరులో ఛోటీ యే ఉన్నదా అని అడిగితే, నడుమ ఉన్నదన్నది. పదము నడుమ ఉర్దూ యే, అరబీ యే కంటికి ఒక్కటే. యూనికోడ్ లెక్కలో అవి రెండు వేరు అక్షరాలు; విసిరితే రెండు వేరు పిండులు. పైగా పాస్‌వర్డు గడిలో కనబడునవి చుక్కలే కదా! తెలుగులోనూ ఇట్టి మాయ ఉన్నది. పొల్లు తరువాత కంటికి కనబడని ఒక విభాజకమును కొన్ని కీబోర్డులు చేర్చును, కొన్ని చేర్చవు.

ఆమె ఫోనులో ఉర్దూ కీబోర్డు పెట్టించితిని. నా బల్ల ముందు నిలిచియే కొట్టినది. తలుపు తెరచుకొన్నది. ఆమె సంతోషించుననుకొన్నాను, ఆమె తల ఎత్తి, “మరి ఆ సున్నా సార్?” అన్నది.

సవరించిన మార్కుల జాబితాను, సున్నాలకు కారణము నా పొరపాటే అని వ్రాసిన ఉత్తరముతో సహా, ఆ మధ్యాహ్నమే కార్యాలయములో ఇచ్చినాను. అందులో పదునేడు రోల్ నంబర్లు ఉన్నవి.