పెందుర్తి ప్లాట్‌ఫారం మీద ఘాజీ

'ఘాజీ' సినిమా గుర్తుందా మీకు? 2017 ఫిబ్రవరిలో విడుదలైంది. సంకల్ప్‌రెడ్డి దర్శకుడు, రానా హీరో. డ్యూయెట్లు లేవు, చెట్ల చుట్టూ పరుగులు లేవు, కథంతా నీళ్ళ అడుగునే! అయినా జనం ఊపిరి బిగబట్టి చూశారు. ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు కూడా కొట్టేసింది. మా విశాఖ వాళ్ళకి ఆ సినిమా అంటే మమకారం ఓ పిసరు ఎక్కువే. ఆ కథకి మూలమైన సంగతి జరిగింది మా సముద్రంలో కదా మరి!

నేనూ మా తమ్ముడూ జగదాంబ సెంటర్లో సెకండ్ షో చూసి పెందుర్తి చేరేసరికి రాత్రి రెండు దాటింది. గేటు తీస్తే మెట్టు మీద ముడుచుకు పడుకుని ఉంది ఒక శాల్తీ. గోధుమరంగు ఒళ్ళు, ఒక చెవి నిలబడి, రెండోది వాలిపోయి... అచ్చమైన నాటు కుక్క. "పో" అన్నాను. తోక ఊపింది. "ఫో" అని గదిమాను. ఇంకా గట్టిగా ఊపింది! మా తమ్ముడు జేబులోంచి ఇంటర్వెల్‌లో కొన్న బిస్కెట్ల పొట్లం తీశాడు. ఇంకేముంది, కథ అక్కడే మలుపు తిరిగింది.

తెల్లారి చూస్తే కుక్క లేదు. పోయిందిలే అనుకున్నాం. కాసేపటికి నాన్నమ్మ కెవ్వుమంది. ఆవిడ మంచం కింద నక్కి, మూతి నేలకానించి, కళ్ళు మాత్రం పైకెత్తి చూస్తోందది. "అన్నయ్యా, జలాంతర్గామిరా! ఘాజీ!" అన్నాడు తమ్ముడు. అంతే, నామకరణం అయిపోయింది.

"ఆ పేరేటర్రా, నోరు తిరగదు" అని నాన్నమ్మ సణిగింది. మర్నాటి నుంచి "గాజులూ, ఇలారా నాయనా" అని ముద్దలు పెట్టడం మొదలెట్టింది. వాడు రెండు పేర్లకీ పలికేవాడు. ముద్ద దొరికితే మూడో పేరుకైనా పలికేవాడే అనుకోండి!

సాయంత్రం రైలు

పెందుర్తి తెలీని వాళ్ళకి ఒక్క ముక్క. విశాఖలో అరకు బస్సెక్కితే గోపాలపట్నం దాటాక తగిలే పెద్ద జంక్షన్ మాది. ఒకవైపు కొత్తవలస, ఒకవైపు అనకాపల్లి, ఇంకోవైపు ఆనందపురం. హౌరా–చెన్నై రైలు మార్గం మా ఊరి మీదుగానే పోతుంది. ఒకప్పుడు మేం విశాఖ వెళ్ళేవాళ్ళం, ఇప్పుడు విశాఖే పెరుగుతూ పెరుగుతూ మా దగ్గరికి వచ్చేసింది.

నాకు విశాఖలో చిన్న ఉద్యోగం. పొద్దున రైల్లో వెళ్ళి సాయంత్రం రైల్లో రావడం. ఘాజీ నన్ను స్టేషన్ దాకా దిగబెట్టేవాడు. సాయంత్రం మళ్ళీ వచ్చి ప్లాట్‌ఫారం చివర, వేపచెట్టు నీడన కూర్చునేవాడు. విశాఖ వైపు నుంచి రైలొచ్చి ఆగగానే లేచేవాడు. ఒక్కో పెట్టె చూసుకుంటూ వచ్చి, నేను దిగగానే, ఏమీ ఎరగనట్టు ముందు నడిచేవాడు. ఎదురొచ్చి ఎగరడాలు, నాకడాలు ఏమీ లేవు. "డ్యూటీ అయిందిగా, పద" అన్నట్టు! ఆదివారం సెలవని మాత్రం వాడికెవరూ చెప్పలేకపోయారు. నేను ఇంట్లో ఉన్నా సరే, సాయంత్రమయ్యేసరికి స్టేషన్‌కి పోయి రైలు చూసుకుని వచ్చేవాడు.

జపానులో 'హాచికో' అనే కుక్క కథ మీరు వినే ఉంటారు. టోక్యోలో షిబుయా స్టేషన్ దగ్గర రోజూ సాయంత్రం ప్రొఫెసర్ యజమాని కోసం కాచుకునేది. 1925లో ఆయన ఉద్యోగానికి వెళ్ళిన చోటే కన్నుమూశాడు. ఆ సంగతి హాచికోకి ఎవరు చెప్పగలరు? 1935 మార్చిలో చచ్చిపోయేదాకా, దాదాపు పదేళ్ళు, అది స్టేషన్‌కి వస్తూనే ఉంది. 1934లో దాని విగ్రహం ఆవిష్కరిస్తే ఆ సభకి అదీ హాజరైంది. యుద్ధకాలంలో లోహం కోసం ఆ విగ్రహాన్ని కరిగించేస్తే, 1948లో మళ్ళీ నిలబెట్టుకున్నారు. ఆ కథ 1987లో జపానులో సినిమా అయింది. 2009లో రిచర్డ్ గేర్‌తో హాలీవుడ్ వాళ్ళూ తీశారు. అది చూసి తమ్ముడు ఘాజీ వీపు నిమురుతూ, "మనవాడికి విగ్రహం ఎక్కడ పెట్టిద్దాం?" అన్నాడు. అందరం నవ్వాం.

ఆగని రైలు

2022 డిసెంబర్. ఢిల్లీలో ఉంటున్న అక్కా బావా రమ్మన్నారు. నాకు మొదటిసారి ఢిల్లీ! టికెట్టు నెల ముందే కొన్నాను. బయల్దేరడానికి రెండు రోజుల ముందు ఘాజీ అన్నం మానేశాడు. ఒళ్ళు వెచ్చగా ఉంది. "పశువుల డాక్టరుకి చూపిద్దాం" అన్నాడు తమ్ముడు. "చలికాలం కదరా, అదే తగ్గుతుంది. తగ్గకపోతే నేనొచ్చాక చూద్దాం" అన్నాను. నా బుర్ర నిండా ఇండియా గేటు! అప్పటికి నా సూట్‌కేసు సర్దడం కూడా అయిపోయింది.

సమతా ఎక్స్‌ప్రెస్ విశాఖలో ఎక్కాను. ఆ రైలు పెందుర్తి మీదుగానే పోతుంది గాని పెందుర్తిలో ఆగదు. తమ్ముడు ఘాజీని తీసుకుని ప్లాట్‌ఫారం మీదికి వస్తానన్నాడు. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. వేపచెట్టు కనబడింది. తమ్ముడు చెయ్యి ఊపాడు. ఘాజీ కూర్చున్నవాడు లేచాడు. నేనొచ్చే వైపు నుంచే వచ్చిన రైలు కదా, ఆగుతుందనుకున్నాడు. జ్వరం ఒంటితోనే రెండడుగులు ముందుకొచ్చాడు. రైలు ఆగలేదు.

సినిమాల్లో అయితే కుక్క రైలు వెంట పరుగెత్తుతుంది. 1985లో వచ్చిన హిందీ సినిమా 'తేరీ మెహర్‌బానియా'లో మోతీ ఏకంగా యజమానిని చంపిన వాళ్ళ మీద పగే తీర్చుకుంది. మా ఘాజీ పరుగెత్తలేదు. వెళ్ళిపోతున్న పెట్టెల్ని ఒక్కొక్కటే చూస్తూ నిలబడ్డాడు. నేను చూసింది అంతే.

పేర్లు చెక్కిన గోడలు

ఢిల్లీ గురించి చెప్పాలంటే ముందు ఇండియా గేటు. 42 మీటర్ల ఎత్తు. మొదటి ప్రపంచయుద్ధంలోనూ, మూడవ అఫ్గాన్ యుద్ధంలోనూ చనిపోయిన భారత సైనికుల కోసం కట్టి, 1931లో ఆవిష్కరించారు. పదమూడు వేలకు పైగా పేర్లున్నాయి దాని మీద. 1971 యుద్ధం తర్వాత, 1972 జనవరి 26న, దాని కింద అమర్ జవాన్ జ్యోతి వెలిగించారు. పాత సినిమాల్లో ఢిల్లీ అనగానే చూపించే జ్యోతి అదే. 2022 జనవరిలో ఆ జ్యోతిని పక్కనే ఉన్న జాతీయ యుద్ధ స్మారకంలోని జ్యోతిలో కలిపారు.

ఆ కొత్త స్మారకం 2019 ఫిబ్రవరి 25న ప్రారంభమైంది. చక్రవ్యూహంలాగ, ఒకదాని లోపల ఒకటిగా నాలుగు వలయాలు: అమర, వీరతా, త్యాగ, రక్షక చక్రాలు. రక్షక చక్రమంటే చెట్ల వరుసలే. నట్టనడుమ స్తంభం, దాని పాదం దగ్గర జ్యోతి. త్యాగచక్రంలో గ్రానైట్ పలకల మీద, స్వాతంత్ర్యం వచ్చాక ప్రాణాలిచ్చిన సైనికుల పేర్లు పాతిక వేలకు పైనే! పక్కనే పరమవీరచక్ర పొందిన 21 మంది విగ్రహాలు. అందులో ఏ పేరు పెద్దది, ఏ పేరు చిన్నది అని లేదు. సిపాయి పేరుకీ అధికారి పేరుకీ ఒకే కొలత పలక.

ఆరేళ్ళ మేనల్లుడు నా చెయ్యి పట్టుకు నడుస్తూ, "మామయ్యా, ఇక్కడ జూమ్ పేరేదీ?" అన్నాడు. జూమ్ సైన్యంలోని కుక్క. ఆ అక్టోబర్‌లోనే అనంతనాగ్ దగ్గర ఉగ్రవాదుల తూటాలు తగిలి, శ్రీనగర్‌లోని సైన్యం పశువైద్యశాలలో 13న కన్నుమూసింది. టీవీలో చూశాడు వీడు. అంతకు ముందు జులైలో బారాముల్లాలో ఇలాగే ప్రాణం వదిలిన ఆక్సెల్‌కి మరణానంతరం సైనిక గుర్తింపు ఇచ్చారని చెప్పాను. వాడు తృప్తి పడలేదు. "గోడ మీద రాయాలి కదా" అన్నాడు.

అక్కడ రోజూ సాయంత్రం ఒక అమరవీరుడి కుటుంబం వచ్చి పుష్పగుచ్ఛం ఉంచే ఆచారం ఉంది. ఆ రోజు వచ్చినావిడ నడివయసు మనిషి. ఏడవలేదు. పూలు పెట్టి, చేతులు కట్టుకుని, ఎవరో పిలుస్తారన్నట్టు అలాగే కాసేపు నిలబడింది. నాకెందుకో పెందుర్తి ప్లాట్‌ఫారం గుర్తొచ్చింది. వెంటనే ఇంటికి ఫోన్ చేశాను.

"ఘాజీ ఎలా ఉన్నాడు నాన్నా?"

"బానే ఉన్నాడులే. నువ్వు అన్నీ చూసి రా."

మర్నాడు రాజ్‌ఘాట్‌కి వెళ్ళాం. నల్లరాతి వేదిక, పూలు, మాట్లాడని జనం. హాయిగా తిరిగాను. ఫొటోలు దిగాను. నాన్న మాట నమ్మాను కదా!

తిరుగు ప్రయాణంలోనూ సమతా పెందుర్తి దాటేటప్పుడు తలుపు దగ్గరే నిలబడ్డాను. వేపచెట్టు కింద ఎవరూ లేరు.

ధర్మరాజు వదల్లేదు

నేను ఫోన్ చేసేటప్పటికే ఘాజీ పోయి ఒక రోజయిందట. పిడుదుల వల్ల వచ్చే జ్వరమట. నేను బండెక్కిన రోజే తమ్ముడు డాక్టరుకి చూపించాడు. "రెండు మూడు రోజులు ముందు తెచ్చి ఉంటే..." అన్నాడట ఆయన. చెబితే యాత్ర మధ్యలో వదిలి వచ్చేస్తానని నాన్న దాచాడు. పెరట్లో పనసచెట్టు కింద పాతిపెట్టారు.

తమ్ముడు నాతో మాట్లాడలేదు. నాన్నమ్మ మాత్రం, నన్ను ఓదారుద్దామనే అనుకుంటా, "స్వర్గం తలుపు తీసినా కుక్కను వదలి రానన్నాడురా ధర్మరాజు. అంతటి జీవం అది" అంది. ఆవిడ మాట మంచికే అంది. నాకు మాత్రం, ఇండియా గేటు కోసం వదిలి వెళ్ళినవాణ్ణి కదా, ఎక్కడో గుచ్చుకుంది.

మూడు వారాలు గడిచాయి. ఒక ఆదివారం నేనే అడిగాను: "బీచ్ రోడ్‌కి వస్తావట్రా?" ఏమనుకున్నాడో, చెప్పులేసుకున్నాడు.

కురుసుర జలాంతర్గామి మీలో చాలామంది చూసే ఉంటారు. 91 మీటర్ల పొడవు. 1969 డిసెంబర్‌లో మన నౌకాదళంలో చేరింది, 2001లో విశ్రాంతి తీసుకుంది, 2002 నుంచి ఆర్కే బీచ్‌లో మ్యూజియం. లోపల గుండ్రటి తలుపుల్లోంచి వంగి దూరాలి. పడకలు చూస్తే కాళ్ళు చాపుకునే వీలే కనబడదు. అంత ఇరుకులో డెబ్బై మందికి పైగా రోజుల తరబడి ఎండ మొహం చూడకుండా ఉండేవాళ్ళు! 1971 యుద్ధంలో అరేబియా సముద్రంలో గస్తీ తిరిగిన పడవ ఇది.

అక్కడికి దగ్గర్లోనే 'విక్టరీ ఎట్ సీ' స్మారకం. 1971 యుద్ధంలో నౌకాదళం విజయానికి గుర్తుగా 1996లో కట్టారు. ఏటా డిసెంబర్ 4న, నేవీ డే నాడు, ఇక్కడ పూలుంచి నివాళులర్పిస్తారు. ఢిల్లీలో నేను చూసిన జ్యోతీ, మా ఊరి ఈ స్మారకమూ ఒకే యుద్ధానివి!

పాకిస్తాన్ జలాంతర్గామి అసలు 'ఘాజీ' మునిగింది ఈ తీరానికి ఎదురుగానే, 1971 డిసెంబర్ 3 అర్ధరాత్రి దాటాక. విక్రాంత్ ఓడ కోసం వచ్చి మాటు వేసింది. మనవాళ్ళు విక్రాంత్‌ని ముందే అండమాన్ వైపు పంపించేశారు. లేని ఓడ కోసం కాచుకుని, తొంభై మందికి పైగా మనుషులతో అది సముద్రం పాలైంది. మన రాజ్‌పుత్ ఓడ దెబ్బకేనని మనవాళ్ళూ, లోపలి పేలుడు వల్లనని వాళ్ళూ అంటారు. ఇప్పటికీ అది అడుగునే ఉంది.

తమ్ముడు సముద్రం వైపు చాలాసేపు చూశాడు. "వాళ్ళ ఇళ్ళల్లో కూడా ఎవరో ఒకరు ఎదురు చూసుంటారు కదరా అన్నయ్యా" అన్నాడు. మూడు వారాల తర్వాత నాతో అన్న మొదటి మాట అది.

కాసేపాగి నేనన్నాను: "నేను చూపించి వెళ్ళాల్సిందిరా."

"అవును, చూపించాల్సిందే" అన్నాడు. ఫర్వాలేదని అనలేదు. అననందుకే నాకు కొంత తెరిపిగా అనిపించింది. తర్వాత ఇద్దరం మొక్కజొన్న పొత్తులు తిన్నాం.

మొన్నటి దాకా స్మారకాలంటే పోయినవాళ్ళ కోసం కట్టేవి అనుకునేవాణ్ణి. కాదు. ఎదురుచూసి ఎదురుచూసి, ఎవరూ దిగని రైలుని చూసి ఇంటికెళ్ళిన వాళ్ళ కోసం కడతారు వాటిని. వాళ్ళు వచ్చి నిలబడటానికి ఒక చోటు కావాలి. మా ఇంట్లో పనసచెట్టు కింద ఒక ఇటుక నిలబెట్టి ఉంది. దాని మీద తమ్ముడు తెల్లరంగుతో 'ఘాజీ' అని రాశాడు. నాన్నమ్మ పట్టుబడితే కింద 'గాజులు' అని కూడా రాశాడు. సాయంత్రం రైలు దిగి వచ్చాక ఒక్క నిమిషం అక్కడ నిలబడతాను.

విశాఖ వస్తే బీచ్ రోడ్ చూడండి. సోమవారం మాత్రం రాకండి, కురుసురకి సెలవు. ఢిల్లీ వెళితే యుద్ధ స్మారకానికి సాయంత్రం పూట వెళ్ళండి. మీ ఇంట్లో కుక్క ఉంటే, అది అన్నం మానేస్తే, ఒళ్ళు కాలితే, ప్రయాణం ఒక రోజు వాయిదా వేసుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. ఇండియా గేటు ఎక్కడికీ పోదు!