చేతిలో మిగిలేది

అక్షరాల బిళ్ళలతో ఆడే స్క్రాబుల్‌ని మాటలు నేర్పే ఆట అంటూ ఉంటే చిరాకు పుడుతుంది. ఆదోని, ఎమ్మిగనూరు లాంటి ఊళ్ళలో ఆ పెట్టె ఇంటికి రావడం ఇంగ్లీషు స్పెల్లింగు పట్టుబడుతుందన్న ఆశతోనే. పిల్ల పొడుగాటి మాట పేరిస్తే చప్పట్లు కొడతారు, రెండక్షరాల మాట పెడితే పెదవి విరుస్తారు. బోర్డు మీద పరిచిన మాటను మెచ్చుకుంటారు తప్ప, ఆ పిల్ల చేతిలో ఏ బిళ్ళలు మిగిలాయో ఒక్కరూ చూడరు. నిజానికి ఆట ఉన్నది అక్కడే. పెట్టిన మాట తెచ్చే పాయింట్లు సగం లెక్క. ఆ మాట కోసం ఏం ఖర్చు చేశాం, ఏం దాచుకున్నాం అన్నది మిగతా సగం. బరువైనది ఈ రెండో సగమే.

ఆట కట్టుబాటులోనే ఈ సంగతి ఉంది. 225 గళ్ళ బోర్డు, 100 బిళ్ళలు, చేతిలో ఎప్పుడూ ఏడు. ఏడింటినీ ఒకే వంతులో దించితే అదనంగా 50 పాయింట్లు. 1930లలో అమెరికాను ఆర్థికమాంద్యం కుదిపేసినప్పుడు పని పోగొట్టుకున్న వాస్తుశిల్పి ఆల్‌ఫ్రెడ్ బట్స్ వార్తాపత్రికల్లో ఏ అక్షరం ఎంత తరచుగా వస్తుందో లెక్కపెట్టి ఈ బిళ్ళల పంపకం చేశాడు. అందుకే ఇంగ్లీషు ‘ఈ’ 12 బిళ్ళల మీద ఉంటుంది, ‘క్యూ’ ఒక్కదాని మీదే. ఇప్పుడు ఆర్, ఈ, టీ, ఐ, ఎన్, ఏ అనే ఆరు బిళ్ళలు చేతిలో ఉన్నాయనుకోండి. ఏడోదిగా సీ వస్తే సర్టెన్, పీ వస్తే పెయింటర్, జీ వస్తే గ్రానైట్, డీ వస్తే ట్రెయిన్డ్, ఎల్ వస్తే రిలయంట్, కే వస్తే కెరాటిన్. సంచిలోంచి ఏది వచ్చినా ఏడక్షరాల మాటకు దారి దొరికే అవకాశం చాలా ఎక్కువ. ఈ ఆరింటికీ కలవని ఏడో బిళ్ళ ఒకటి చేతిలో పడి ఉన్నప్పుడు ఏం చేయాలి? మంచి బిళ్ళలు మూడు ఖర్చుపెట్టి 20 పాయింట్లు తెచ్చుకోవాలా, ఆ కలవని బిళ్ళను ఎక్కడో ఒక మూల అంటించి ఆరేడు పాయింట్లతో సర్దుకోవాలా? చూసేవాళ్ళకు రెండోది చేతకానితనంలా కనిపిస్తుంది. గట్టి ఆటగాడు చాలాసార్లు దాన్నే ఎంచుకుంటాడు. ఆదోని మార్కెట్ యార్డుకు పత్తి తెచ్చిన రైతు ఆ రోజు పలికిన ధర ఒక్కటే చూసుకోడు. ఇంట్లో ఆపిన పత్తికి వచ్చే వారం ఏం పలుకుతుందో, అప్పులవాడు ఎప్పుడు గుమ్మం ఎక్కుతాడో కూడా చూసుకునే అమ్ముతాడు. ఆటలోనూ అంతే. ఏ అక్షరంగానైనా వాడుకోగల ఖాళీ బిళ్ళకు అనుభవజ్ఞులు 25, 30 పాయింట్ల విలువ కడతారు. బిళ్ళ మీద రాసి ఉన్నది సున్నా. ఆ విలువంతా రాబోయే వంతులది.

మాటలు తెలియకుండా ఇదంతా ఎలా కుదురుతుందని అడగవచ్చు. నైజెల్ రిచర్డ్స్ అనే న్యూజిలాండు ఆటగాడు 2015లో ఫ్రెంచి స్క్రాబుల్ ప్రపంచ పోటీ గెలిచాడు. అతనికి ఫ్రెంచి మాట్లాడడం రాదు. మాటల పట్టీని కంఠస్థం చేసి వెళ్ళాడు. 2024లో స్పానిష్‌లోనూ అలాగే గెలిచాడు. చూశారా, కంఠస్థమే గెలిపించింది కదా అంటారు. కానీ అతని ఎదుట కూర్చున్నవాళ్ళు కూడా ఆ మాటలు ఎరిగినవాళ్ళే, పైగా ఆ భాషలో పుట్టి పెరిగినవాళ్ళు. మాటలు తెలియడం బరిలోకి దిగడానికి అర్హత మాత్రమే. ఇద్దరికీ ఉన్న బలం ఒకరి గెలుపుకు కారణం ఎలా అవుతుంది? 2015లోనే ఇంగ్లీషు ప్రపంచ పోటీ గెలిచిన నైజీరియా ఆటగాడు వెల్లింగ్టన్ జిగేరెని చూడండి. పొడుగు మాట చేతిలో ఉన్నా నాలుగైదు అక్షరాల మాటతో ఆగి, మంచి బిళ్ళలు దాచుకుని, ఎదుటివాడికి బోర్డు తెరిచి ఇవ్వకుండా ఆడడం ఆ దేశపు ఆటగాళ్ళ పద్ధతిగా పేరుకెక్కింది. పొట్టి మాటకు పెదవి విరిచేవాళ్ళకు ఇంతకంటే జవాబు అక్కర్లేదు.

ఒక్క చోట నా వాదం ఆగుతుందని ఒప్పుకోవాలి. సంచి ఖాళీ అయ్యాక దాచుకోవడానికి అర్థం ఉండదు. మిగిలిన బిళ్ళలు బరువవుతాయి, ఎదుటివాడి చేతిలో ఏముందో లెక్కగట్టి ముందుగా వదిలించుకున్నవాడిదే పైచేయి. ఆ చివరి వంతుల మాట వేరు.

ఇక రెండో అభ్యంతరం అదృష్టం. సంచిలో చెయ్యి పెట్టి తీసేదాంట్లో వ్యూహం ఏముంటుందంటారు. దీనికి జవాబు అదృష్టమన్నదే లేని ఆట నుంచి తీసుకోవాలి. అది మన దగ్గరే ఉంది. అష్టావధానంలో నిషిద్ధాక్షరి. సంచి లేదు, బిళ్ళలు లేవు, దాపరికం లేదు. అవధాని పద్యం చెబుతుంటే ప్రతి అక్షరానికీ ముందు పృచ్ఛకుడు ఒక హల్లును నిషేధిస్తాడు. ఆ హల్లు వదిలి, ఛందస్సు చెడకుండా, అర్థం తప్పకుండా అవధాని ముందుకు నడవాలి. తుంగభద్రను కందంలో వర్ణించమన్నారనుకుందాం. తుంగ అన్న మాటకు దారి మూస్తూ పృచ్ఛకుడు త నిషేధిస్తాడు. అవధాని న అంటాడు. నది రాబోతోందని పృచ్ఛకుడు ద నిషేధిస్తాడు. అవధాని వ అంటాడు. ఇక్కడే ఎంతో దూరపు లెక్క ఉంది. మొదటి అక్షరం లఘువైంది కాబట్టి నాలుగు పాదాలూ లఘువుతోనే మొదలవ్వాలి, రెండో అక్షరం నాలుగు చోట్లా వకారమే కావాలి. భవ, రవి, కవి, దివి, భువి, ఛవి అంటూ మాటలు వరసకట్టే ప్రాస అది. ఏ ఠకారమో ఎంచుకుని ఉంటే మిగిలిన మూడు పాదాలూ అక్కడే ఇరుక్కునేవి.

నవ తర్వాత ఏమనాలి? శో అంటే చెవికి ఇంపుగా ఉంటుంది, గణం కూడా నిండుతుంది. కానీ తర్వాత భ రాబోతోందని సభలో వెనక వరసలో కూర్చున్నవాడికి కూడా తెలిసిపోతుంది. పృచ్ఛకుడు దాన్ని మూసేస్తే అవధాని వెతుక్కోవాల్సిందే. ర అన్నాడనుకోండి. కందంలో గణానికి నాలుగు మాత్రలు. న, వ, ర మూడు లఘువులయ్యాయి కనుక నాలుగోది లఘువు కావాలి, లేదా వచ్చేది సంయుక్తాక్షరమై ర గురువు కావాలి. నాలుగోది దీర్ఘమైతే కుదరదు, మాత్ర పెరుగుతుంది. నవరస కుదురుతుంది, నవరమణీయ కుదురుతుంది, నవరత్న కుదురుతుంది. స, మ, త అని మూడు తలుపులు తెరిచి ఉన్నాయి. పృచ్ఛకుడు మూయగలిగింది ఒక్కదాన్నే. స్క్రాబుల్ ఆటగాడు ఆ ఆరు బిళ్ళలు ఎందుకు దాచుకున్నాడో, అవధాని ర ఎందుకన్నాడో, రెండింటికీ కారణం ఒకటే. ఇక్కడ అదృష్టం ఎక్కడుంది?

పద్యం సాహిత్యం, దాన్ని ఆటతో కలిపితే చిన్నబుచ్చినట్టని పండితులు అనవచ్చు. స్క్రాబుల్‌లో అర్థంతో పనిలేదు, ఇక్కడ అర్థమే ప్రాణం, నిజమే. ఆ అర్థం కూడా అవధాని మీద పడే మరో కట్టుబాటు. కట్టుబాటు పెరిగితే నిర్ణయం మరింత కష్టమవుతుందే గాని నిర్ణయం కాకుండా పోదు. మనవాళ్ళు అవధానిని మెచ్చేటప్పుడు ధారణ అంటారు, ధార అంటారు, సరస్వతీ కటాక్షం అంటారు. ఒక్కో అక్షరం దగ్గర అతను వదులుకున్న నాలుగు దారుల గురించి మాట్లాడరు. పృచ్ఛకుడికైతే ఆ మాత్రం న్యాయం కూడా జరగదు. సభ మొత్తానికీ అతను అడ్డుపుల్లలు వేసేవాడుగానే మిగిలిపోతాడు. అవధాని తలలో నడుస్తున్న మాటను ఒక్క అక్షరం ముందుగా పసిగట్టడానికి ఎంత నిఘంటువు, ఎంత ఛందస్సు కావాలి! మొహమాటపడి ఎవరికీ తట్టని ఘకారమో ఝకారమో నిషేధించే పృచ్ఛకుడు అవధానికి మేలు చేయడు, ఆటను చంపుతాడు. గట్టి పృచ్ఛకుడు దొరికిన నాడే అవధాని ఎంతటివాడో తెలిసేది. సన్మానం చేసేటప్పుడు శాలువా ఇద్దరికీ ఒకే విలువది కప్పాలి.

మొదట చెప్పిన ఊళ్ళకు మళ్ళీ వద్దాం. ఆదోని ప్రాంతం 1953 అక్టోబరు 1 దాకా బళ్ళారి జిల్లాలో ఉండేది. ఈనాటికీ అక్కడ తెలుగుతో పాటు కన్నడం, ఉర్దూ వినిపిస్తాయి. కన్నడంలో అవధానానికి మళ్ళీ ఊపిరి పోసిన శతావధాని ఆర్. గణేశ్ సభల్లోనూ నిషిద్ధాక్షరి ఉంటుంది. కందం రెండు భాషల్లోనూ ఉంది, వర్ణమాలా దాదాపు ఒకటే. గుణింతాలు, ఒత్తులు లెక్కపెడితే తెలుగుకు వేల బిళ్ళలు కావాలని, అందుకే స్క్రాబుల్ లాంటి ఆట మనకు పడదని అంటుంటారు. నిషిద్ధాక్షరిలో మూసేది హల్లునే కాబట్టి హల్లుకొక బిళ్ళ చాలు, అచ్చు ఆడేవాళ్ళ నోట్లో ఉంటుంది. ఛందస్సు పక్కనపెట్టి, అయిదక్షరాల మాట నిర్మించడం ఒకరి పనిగా, ప్రతి అక్షరానికీ ఒక బిళ్ళను బోర్లించడం ఇంకొకరి పనిగా పెడితే ఎమ్మిగనూరు బడిలో ఏడో తరగతి పిల్లలు ఈ మధ్యాహ్నమే ఆడగలరు. ఒత్తును ఎలా లెక్కించాలన్నది ముందే తేల్చుకోవాలి. త మూసినప్పుడు రత్నంలోని త్నను కూడా మూసినట్టే అనుకోవడం న్యాయం. న మూసినప్పుడు మాత్రం ఆ త్నను వదిలేయాలి, ఒత్తుగా వచ్చిన హల్లును కూడా ఆపితే కట్టేవాడికి ఊపిరాడదు. కన్నడం ఇంటిమాటగా ఉన్న పిల్ల అవే బిళ్ళలతో తన మాట తాను కట్టుకోవచ్చు, మూసేవాడికి రెండు భాషలూ తెలిసి ఉండాలంతే. ఆ ఊళ్ళలో అలాంటివాళ్ళకు కొదవ లేదు.