ఆయాసానికి ఏ మందు ముందు?

మా హాస్టలు విద్యార్థుల్లో చాలామంది తల్లిదండ్రులు పత్తితీతకు, మిరపకోతకు వెళ్ళే కూలీలే. మాఘమాసం వచ్చిందంటే పల్నాడు నుంచి ఒంగోలు వరకు కల్లాలన్నీ ఎర్రబడతాయి. గుంటూరు మిర్చి యార్డుకు టిక్కీలు బయలుదేరతాయి. చూడడానికి అందమే గాని ఆ ఘాటు, ఆ దుమ్ము ఉబ్బసం ఉన్నవారికి శత్రువులు. సెలవుల్లో కల్లం పనికి వెళ్ళి వచ్చిన మా మిత్రుల్లో కొందరికి రాత్రిళ్ళు పిల్లికూతలు మొదలవుతాయి.

అప్పుడు మా గదిలో వాదన కూడా మొదలవుతుంది. "మాత్ర వేసుకోరా, చాలు" అంటారు కొందరు. "పీల్చే మందు అలవాటైపోతుంది, అది ముదిరినవాళ్ళకే" అంటారు మరికొందరు. ఇంటి దగ్గర అమ్మలదీ ఇదే మాట. సంబంధాలు తప్పిపోతాయని మా అక్కలు ఇన్‌హేలరును దాచుకుంటారు. మృగశిర కార్తెకు హైదరాబాదు వెళ్ళి చేపమందు మింగి వచ్చినవారూ ఉన్నారు. ఏడాదికొకసారి వేసే మందు అర్ధరాత్రి ఊపిరాడనివాడికి ఎలా అందుతుంది?

మిత్రులారా! లెక్క చూద్దాం. సాల్బుటమాల్ మాత్రలో 2 లేక 4 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. ఇన్‌హేలరును ఒకసారి నొక్కితే వచ్చేది 100 మైక్రోగ్రాములే, అంటే పెద్ద మాత్రలో 40వ వంతు. మాత్ర కడుపులో కరిగి, రక్తంలో కలిసి పనిచేయడానికి సుమారు అరగంట పడుతుంది. చేతులు వణుకుతాయి, గుండె దడదడలాడుతుంది. పీల్చిన మందు నేరుగా శ్వాసనాళాలకు చేరి నిమిషాల్లో బిగువు సడలిస్తుంది. స్పేసరు గొట్టం పెట్టి పీలిస్తే ఇంకా బాగా లోపలికి వెళుతుంది. అలవాటుపడే మత్తుమందు కాదది.

అయితే ఆయాసం తగ్గిందని మురిసిపోరాదు. సాల్బుటమాల్ లోపలి వాపును తగ్గించదు. అందుకే 12 ఏళ్ళు, ఆపైబడినవారు దానితోనే సరిపెట్టుకోవద్దని 'గినా' అనే అంతర్జాతీయ ఉబ్బస నిపుణుల సంస్థ 2019లో చెప్పింది. బుడెసొనైడ్, ఫార్మోటెరాల్ కలిసిన ఇన్‌హేలరు వాపునూ తగ్గిస్తుంది, నిమిషాల్లో ఊపిరినీ ఇస్తుంది. ఎవరికి ఏది తగునో డాక్టరుగారే చెప్పాలి.

మందు పీల్చినా తగ్గకపోయినా, మాట పూర్తిగా రాకపోయినా, పెదవులు నీలిబడినా తెల్లవారేదాకా ఆగకూడదు. వెంటనే వార్డెన్‌గారిని లేపి 108కి ఫోను చేయాలి.

ప్రతి హాస్టలు మందులపెట్టెలో ఒక స్పేసరు ఉండాలని మా విన్నపం. ఇన్‌హేలరు తీసిన మిత్రుణ్ణి చూసి ఎవరూ నవ్వరాదని మా మనవి. కళ్ళద్దాలు పెట్టుకున్నవాణ్ణి చూసి నవ్వుతున్నామా?