వ్యసనం

హిందీ మాట్లాడే జనం అలవాటును 'ఆదత్' అంటారు. పట్టుకొని విడువని చెడ్డ అలవాటును 'లత్' అంటారు. తెల్లవారుజామున నడకకు వెళ్ళేవానికి మొదటిమాట వర్తిస్తుంది, రెండవది వర్తించదు. తెలుగులో ఈ రెండవదానికి సంస్కృతం నుండి వచ్చిన మాట వ్యసనం. సంస్కృతంలో ఆ మాటకు ఆపద అనే అర్థం కూడా ఉన్నది. కౌటిల్యుని అర్థశాస్త్రంలో ఎనిమిదవ అధికరణం వ్యసనాలను గురించినదే. అందులో రాజుగారి జూదమూ వేటా ఉన్నవి, రాజ్యానికి వచ్చే వరదా కరవూ ఉన్నవి. దోషాన్నీ దురదృష్టాన్నీ ఒకే మాట కింద చేర్చిన ఆ చూపు నిశితమైనది. పొగాకు నమిలేవానిని చూచి 'నిగ్రహం లేని మనిషి' అని తేల్చివేసేవారు ఆ మాటలో సగమే చదువుకొన్నారు.

నోయిడా 1976లో పారిశ్రామిక నగరంగా ఏర్పడినది. ఆకాశాన్ని అంటే అక్కడి గృహసముదాయాల గేటుగేటుకూ ఒక కాపలాదారు ఉంటాడు. చాలమంది పూర్వాంచలం నుండో బీహారు నుండో వచ్చినవారు. పన్నెండు గంటల కొలువు. రాత్రి వంతు వచ్చినవానికి నిద్ర పగటిపూట, అదీ నలుగురు పంచుకొనే గదిలో. అర్ధరాత్రి దాటిన తరువాత అతడు అరచేతిలో పొగాకు పోసి, సున్నం చేర్చి, బొటనవ్రేలితో నలిపి, పొడి ఎగిరేటట్లు తట్టి, క్రింది పెదవి వెనుక పెట్టుకొంటాడు. అదే ఖైనీ. అది ఆకలిని మరపిస్తుంది, కన్ను మూతపడనివ్వదు. ప్రక్క గేటువాడు 'భయ్యా' అని చేయి చాచితే అందులో ఒక చిటికెడు అతనికీ పోతుంది. వద్దన్నవాడు పొగాకును మాత్రమే కాదు, ఆ రాత్రికి ఉన్న ఒక్క తోడునూ వద్దన్నట్లవుతుంది.

2016–17లో జరిగిన దేశవ్యాప్త సర్వేలో పదునైదేండ్లు నిండినవారిలో 21.4 శాతం మంది పొగరాని పొగాకు వాడుతున్నట్లు తేలినది. వారిలో దాదాపు సగం మంది మానవలెనని అనుకొంటున్నవారే. కనుక లోపించినది కోరిక కాదు. కోరికకూ చేతకూ నడుమ ఉన్న ఆ అగాధమే మనస్తత్వ శాస్త్రజ్ఞులను ఎన్నో ఏండ్లుగా వేధించిన ప్రశ్న. నిగ్రహం కండబలం వంటిదనీ, వాడినకొద్దీ అలసిపోతుందనీ అమెరికాలో బౌమైస్టర్, ఆయన సహచరులు 1998లో ప్రతిపాదించారు. వినడానికి సొంపైన మాటే. కాని 2016లో ఇరువదిమూడు ప్రయోగశాలలు కలిసి పరీక్షించి చూస్తే ఆ అలసట దాదాపు కనబడలేదు. పిల్లల ముందు మిఠాయి ఉంచి, తినక ఆగగలరా అని చూచిన వాల్టర్ మిషెల్ ప్రయోగాలకు లోకంలో గొప్ప పేరు వచ్చినది. ఆగిన పిల్లలు పెద్దయిన తరువాత రాణిస్తారని చాలకాలం చెప్పుకొన్నారు. 2018లో మరింత పెద్ద సంఖ్యలో పిల్లలను తీసుకొని, వారి ఇంటి పరిస్థితులనూ లెక్కలో వేసి చూచినప్పుడు ఆ సంబంధం బాగా పలచబడినది. రేపు తప్పక దొరుకుతుందన్న నమ్మకం ఉన్న ఇంటి బిడ్డకు ఆగడం సులభం. దీనికి ప్రయోగశాల కావలసివచ్చినదే అని పేదవాడు నవ్వుకొంటాడు కాబోలు!

జర్మనుడైన గోల్‌విట్సర్ చెప్పినది మరింత పనికివచ్చే సంగతి. 'మానివేస్తాను' అనుకోవడం చాలదు. 'ఫలానా వేళ, ఫలానా చోట ఇది ఎదురైతే నేను ఈ పని చేస్తాను' అని ముందే కట్టడి చేసుకోవాలి. 2006లో ఆయన, షీరన్ కలిసి తొంబది నాలుగు పరీక్షలను క్రోడీకరించి, ఇది బాగానే పనిచేస్తున్నదని చూపారు. సియాటిల్‌లో మార్లట్ 1985లోనే మరొక మెలకువ తెలిపినాడు: మానినవాడు ఒకసారి జారితే ఆ జారుపాటు అంత హాని చేయదు, 'నేనింతే' అని తన్ను తాను నిందించుకోవడమే మళ్ళీ ముంచుతుంది. నిగ్రహం లేదని ఎదుటివారు వేసే ముద్ర ఆ నిందకే బలం చేకూరుస్తుంది.

ప్రభుత్వం ఊరకున్నదని కాదు. ఉత్తరప్రదేశ్‌లో 2013లో గుట్కాను నిషేధించారు. వెంటనే వక్కపొడి మసాలా ఒక పొట్లంలో, పొగాకు మరొక పొట్లంలో అమ్మకానికి వచ్చినవి. కలుపుకొనే శ్రమ మాత్రం కొనేవానిది! 2016 నుండి పొట్లం మీద ఎనుబది అయిదు శాతం చోటు భయంకరమైన బొమ్మతో కూడిన హెచ్చరికకు కేటాయించారు. నోయిడాలోనే, 39వ సెక్టరులో, క్యాన్సర్ నివారణకు భారత వైద్య పరిశోధనా మండలి నడిపే సంస్థ ఉన్నది. పొగరాని పొగాకును గురించి ప్రపంచ దేశాలకు విజ్ఞానం అందించే కేంద్రం కూడా అక్కడే వెలసినది.

తెలుగునేల మీద దీనికి పూర్వకథ ఒకటి ఉన్నది. శ్రీకాకుళం జిల్లా పల్లెలలో స్త్రీలు చుట్ట నిప్పుకొనను నోటిలోపలికి పెట్టుకొని కాల్చే అడ్డపొగ చిరకాలంగా ఉన్న ఆచారం. శ్రీకాకుళం, ఎర్నాకులం, భావనగర్ జిల్లాలలో ముప్పది ఆరువేల మంది పొగాకు వాడేవారిని ఎంచుకొని, ఏటేటా వారి నోళ్ళు పరీక్షించి, ఎదుట కూర్చుండి మాట్లాడి, సినిమాలు చూపి మానిపించే ప్రయత్నం జరిగినది. ఆ ఫలితాలు 1986లో వెలువడినవి. మానినవారు అంతకు ముందటి కాలంతో పోల్చితే పెరిగారు. నోటిలోని తెల్లమచ్చలు తగ్గినవి. అక్కడ ఎవరూ ఎవరికీ సంకల్పబలం పంచిపెట్టలేదు. ఒక మనిషి మరల మరల వచ్చి, తిట్టకుండా, నోరు తెరవమన్నాడు.

నోయిడాలో కాపలాదారు ఇల్లు ఏటేటా మారుతుంది, కొన్నిసార్లు గేటే మారుతుంది. అతని కోసం మరల మరల రాదలచినవారికి వెళ్ళవలసిన చోటు అతని గది కాదు, రాత్రి రెండు గంటల వేళ ఆ గేటే. ప్రక్క గేటువాడు చేయి చాచినప్పుడు పొగాకుకు బదులు ఏమి ఇవ్వాలో ఇద్దరినీ కూర్చోబెట్టి అడగవలసి ఉంటుంది.