జొరమొచ్చిన చేపలా లాగు!

వీకెండ్ ప్లానేంటని అడిగితే మా టీమ్‌లో ఒకరు ట్రెక్ అంటారు, ఒకరు ఓటీటీ అంటారు. నేను మాత్రం 'ఆదివారం పోటు ఎన్ని గంటలకో చూసి చెప్తా' అంటాను. మొదట్లో నవ్వేవాళ్లు. ఇప్పుడు సోమవారం మీటింగ్ మొదలవగానే 'ఏం పడింది బ్రో?' అని వాళ్లే అడుగుతున్నారు.

నాది విశాఖపట్నం. ఇంజినీరింగ్ అయిపోగానే అందరిలాగే సాఫ్ట్‌వేర్‌లో పడ్డా. ఆ తర్వాత రెండేళ్లకి ఈ పిచ్చి పట్టుకుంది. ఒడ్డున నిలబడి రాడ్‌తో లూర్ విసరడం. పడవ ఉండదు, వల ఉండదు. వానపాము, రొయ్య లాంటి అసలు ఎర కూడా ఉండదు. రేకుతోనో, చెక్కతోనో, రబ్బరుతోనో చేసిన ఉత్తుత్తి చేపని నీళ్లలోకి విసిరి, అది బతికే ఉందని అసలు చేపని నమ్మించాలి. ఆట మొత్తం అంతే.

షాపింగ్ యాప్‌లో వెతికితే ఈ లూర్లు కుప్పలు తెప్పలుగా కనిపిస్తాయి. త్రీడీ కళ్లు, హోలోగ్రామ్ పొలుసులు, కొన్నిటికైతే ఎల్‌ఈడీ లైట్లు కూడా! కానీ ఏళ్ల తరబడి గాలం వేస్తున్నవాళ్ల డబ్బా తెరిచి చూడండి. నాలుగైదు రకాలకి మించి ఉండవు. రంగు పోయి, పంటిగాట్లు పడి, చూడ్డానికి ఏమాత్రం బాగోవు. అన్నీ మన తాతల కాలం నాటి డిజైన్లే. మరి అవే ఎందుకు నిలబడ్డాయి?

నీళ్లలో పడ్డ చెంచా

అన్నిటికంటే పాతది స్పూన్. పేరుకి తగ్గట్టే చెంచా. అమెరికాలోని వెర్మాంట్‌లో జూలియో బ్యూల్ అనే ఆయన సరస్సు మీద పడవలో తింటూ చెంచా జారవిడిచాడట. అది తళుక్కు తళుక్కుమంటూ మునుగుతుంటే ఓ చేప వచ్చి లటుక్కున పట్టేసిందట. కథ సంగతి అలా ఉంచితే, ఆ చెంచా ఎరకి బ్యూల్ 1852లో పేటెంట్ తీసుకున్నాడు. ఇన్నేళ్ల తర్వాత కూడా స్పూన్ అంటే ఒక వంపు తిరిగిన రేకు ముక్క, దానికో గాలం. అంతే.

దాని పని మొత్తం ఆ వంపులోనే ఉంది. లాగుతుంటే నీళ్లు దాన్ని ఒకసారి ఇటూ ఒకసారి అటూ తోస్తాయి. వెలుగు పడి మెరుస్తుంది, మరుక్షణం ఆరిపోతుంది. చిన్న కవళ్లు పక్కకి ఒరిగినప్పుడు మెరిసేది అచ్చం అలాగే. పైగా బరువంతా ఒకేచోట ఉంటుంది కాబట్టి ఎదురుగాలిలోనూ దూరం వెళ్తుంది. రుషికొండ వైపు రాళ్ల మీద నుంచి నేను ముందు విసిరేది 30 గ్రాముల వెండి రంగు స్పూనే. దానికి ఎగబడేది ఎక్కువగా తోలుపార.

తోలుపార అంటే ఒక ముచ్చట చెప్పాలి. పాట్రిక్ రస్సెల్ అనే డాక్టరు విశాఖపట్నంలో సేకరించిన 200 చేపల బొమ్మలు, వివరాలతో 1803లో లండన్‌లో పుస్తకం అచ్చేశాడు. వాటికి ఇక్కడివాళ్లు పిలిచే పేర్లనే రాసుకున్నాడు. తర్వాత ఫ్రెంచి శాస్త్రవేత్త కువియే వాటిలో కొన్నిటిని శాస్త్రీయ నామాల్లోకి ఎక్కించాడు. అందుకే మన కానాగుర్త ఇవాళ ప్రపంచమంతటా 'రాస్ట్రెలిజర్ కానాగుర్త'. తోలుపారల్లో ఒక రకం 'స్కాంబరాయిడిస్ టోల్'. ఆ టోల్ మన తోలే! మన జాలరి పేటల మాట సైన్సు పుస్తకాల్లో ఉందని తెలిసిన రోజు, చేపని చూసే చూపే మారిపోయింది నాకు.

చాక్లెట్ రేకు చుట్టుకున్న చేప

రెండోది రపాలా. ఇప్పుడది పెద్ద బ్రాండ్ గానీ, మొదలైంది ఫిన్లాండ్‌లో ఒక పేద జాలరి చేతిలో. లౌరి రపాలా సరస్సులో వేటాడుతూ ఒక విషయం గమనించాడు. పెద్ద చేప గుంపులోని చిన్న చేపలన్నిటి వెంటా పడదు. కాస్త తేడాగా, తూలుతూ ఈదేదాన్ని ఏరుకుని మరీ కొడుతుంది. 1936లో ఆయన బెరడు ముక్కని చేప ఆకారంలో చెక్కి, పైన చాక్లెట్ రేకు చుట్టాడు. నీళ్లకి పాడవకుండా ఫొటో నెగెటివ్‌లు కరిగించి పూత పూశాడు. అది తూలుతూ ఈదే దాకా వదల్లేదు.

1962 ఆగస్టులో అమెరికా 'లైఫ్' పత్రిక ఈ లూర్ గురించి కథనం వేసింది. ఆ సంచిక అట్ట మీద ఉన్నది అప్పుడే చనిపోయిన మార్లిన్ మన్రో. జనం ఆ సంచికని ఎగబడి కొన్నారు, దాంతోపాటే ఈ చెక్క చేప గురించీ చదివారు. ఆర్డర్లు వెల్లువెత్తాయి. ఈ కాలంలో అయితే వైరల్ అయిందనేవాళ్లం.

గోనెసంచి దారం

మూడో ఎరకి బ్రాండ్ లేదు. జాలరిపేటలో వల బాగుచేసుకునే ఒక తాత దగ్గర చూశానది. తెల్ల ప్లాస్టిక్ గోనెసంచి పీచుని సన్నగా చీల్చి, గాలానికి కుచ్చులా కడతాడు. పైన చిన్న సీసం ముక్క. ఖర్చు దాదాపు సున్నా. ఆంగ్లర్లు డబ్బులు పెట్టి కొనుక్కునే బక్‌టెయిల్ జిగ్ కూడా ఇదే సూత్రం. అక్కడ జింక తోక వెంట్రుకలు, ఇక్కడ గోనెసంచి పీచు.

ఒకరోజు నేను స్పూన్ లాగుతుంటే కాసేపు చూసి తాత అన్నాడు: "ఏటి బాబూ ఆ లాగుడు? బస్సు ఎల్లిపోతన్నట్టు. జొరమొచ్చిన సేప ఎలగీదతాది? అలగ లాగు."

రెండు చుట్లు తిప్పు, ఆపు. కాస్త మునగనీ. చిన్నగా ఎగదియ్యి, మళ్లీ ఆపు. అలా ఆపినప్పుడే కొడుతుంది చేప. తాత ఫిన్లాండ్ పేరు విన్నాడో లేదో గానీ, లౌరి రపాలా చెక్కలో పెట్టిన కిటుకుని ఈయన మణికట్టులో పెట్టుకున్నాడు. నిలబడ్డ ఎరలన్నిటి రహస్యం ఇదే. చేప చూసేది రంగు కంటే ముందు నీరసాన్ని. ఆ నీరసాన్ని నటించగలిగే ఎర ఏ కాలంలోనైనా పనిచేస్తుంది.

మిగతా రెండూ టూకీగా చెప్తా. నాలుగోది పాపర్. మూతి గుంటగా ఉంటుంది, లాగినప్పుడల్లా 'బ్లుప్' అని నీళ్లు చిమ్ముతుంది. తెల్లారే వేళ పార చేపలు పైకొచ్చి వేటాడేటప్పుడు దీనికి తిరుగులేదు. ఐదోది తోక ఊపే రబ్బరు చేప. భీమిలి దగ్గర గోస్తనీ నది సముద్రంలో కలిసేచోట, పోటు తీసి నీళ్లు వెనక్కి మళ్లేటప్పుడు నెమ్మదిగా అడుగున లాగితే పండుగప్ప ఆశ పెట్టుకోవచ్చు.

ఎంత దూరం విసరాలి?

కొత్తవాళ్లు ముందు అడిగేది ఇదే. తొమ్మిది పదడుగుల రాడ్, 4000 సైజు రీల్, సన్నటి బ్రెయిడ్ లైన్ చాలు. రాడ్ చివర నుంచి లూర్ రెండడుగులు వేలాడాలి. చూపుడు వేలితో దారం పట్టుకుని రీల్ మీది కమ్మీ తియ్యాలి. వెనక్కి తీసుకెళ్లి, కుడిచేత్తో ముందుకి తోస్తూ ఎడమచేత్తో కిందికి లాగాలి. రాడ్ విల్లులా వంగుతుంది. అసలు విసిరేది ఆ వంపు, మన భుజం కాదు. రాడ్ నెత్తి దాటి కాస్త ముందుకి రాగానే వేలు వదలాలి. తొందరపడితే లూర్ ఆకాశంలోకి, ఆలస్యమైతే కాళ్ల ముందు నీళ్లలోకి!

గాలి కూడా మన టీమ్‌లోదే. తెల్లవారుజామున గాలి నేల మీంచి సముద్రం వైపు వీస్తుంది, లూర్‌ని మోసుకెళ్తుంది. మధ్యాహ్నానికి తిరగబడి మొహానికి కొడుతుంది. అందుకే నేను చీకటితో వెళ్లి ఎనిమిదిన్నరకల్లా ఇంట్లో ఉంటా.

అయితే దూరం ఒక్కటే లెక్క కాదు. ఇసుక ఒడ్డున అయితే మొదటి కెరటం విరిగే చోటుకి ఇవతల కాలువలాంటి గుంట ఉంటుంది. నీళ్ల రంగు కాస్త ముదురుగా కనిపిస్తుంది. చిన్న చేపలు తిరిగేది అందులోనే, వాటి కోసం పెద్దవి వచ్చేదీ అక్కడికే. సముద్రంలోకి సూటిగా 70 మీటర్లు విసిరే కన్నా, ఒడ్డుకి ఏటవాలుగా 30 మీటర్లు విసిరితే ఆ గుంటలో ఎర ఎక్కువసేపు తిరుగుతుంది.

ఇంకో మాట. రాళ్ల మీద నాచు సబ్బులా ఉంటుంది. పది చిన్న కెరటాల తర్వాత ఒక పెద్దది వస్తుంది, మనకి చెప్పి రాదు. ఎక్కేముందు పావుగంట నిలబడి నీళ్లు ఎంతవరకు వస్తున్నాయో చూడండి. ఒంటరిగా వెళ్లకండి. లైఫ్ జాకెట్ వేసుకుంటే ఎవరూ నవ్వరు. నవ్వినా పర్లేదు.

తిననప్పుడు ఎందుకు పిలిచావ్?

నేను చాలా చేపల్ని వదిలేస్తాను. ఫొటో తీసి నీళ్లలోకి వదిలే క్యాచ్ అండ్ రిలీజ్ పద్ధతి మీరూ రీల్స్‌లో చూసే ఉంటారు. ఒక ఉదయం ఓ పార చేపని అలా వదులుతుంటే తాత వల పక్కనపెట్టి అడిగాడు: "తింటావేటి?"

"లేదు తాతా, వదిలేస్తున్నా. బతుకుతుంది."

"మరి తిననప్పుడు దాన్నెందుకు పిలిసావు బాబూ?"

కోపంగా అనలేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగాడు. వాళ్లింట్లో చేపంటే ఆ పూట బియ్యం. నాకు చేపంటే ఆదివారం. ఇద్దరం నిలబడింది ఒకే ఒడ్డు మీద. 'పిలవడం' అన్నాడు చూడండి, ఆ మాట నన్ను వదల్లేదు. ఎర అంటే పిలుపే కదా. ఆకలిగా ఉన్నదాన్ని 'రా, తిందువుగాని' అని పిలవడం.

తాతకి చెప్పగలిగే జవాబు ఇప్పటికీ నా దగ్గర లేదు. ఆట మానెయ్యలేను, మానేస్తానని అబద్ధం చెప్పలేను. ఒక లెక్క మాత్రం పెట్టుకున్నా. మూడు ముళ్ల గాలాలు తీసేసి లూర్లకి ఒంటి గాలం తగిలించా, దాని వెనకముల్లు కటింగ్ ప్లేయర్‌తో నొక్కేశా. వదలాల్సిన పిల్ల చేప అయితే గాయం తక్కువ, నిమిషంలో నీళ్లలో ఉంటుంది. ఇంటికి సరిపడా ఒకటో రెండో పడ్డాయంటే రాడ్ మడిచేస్తా. ఇంకా చేపలు కొడుతున్నా సరే, ఆ తర్వాత పిలవను.

తెలంగాణలో చెరువుల మీద రబ్బరు కప్పతో కొర్రమీను పట్టే ఫ్రెండ్స్‌కీ ఇదే చెప్తుంటా. పిల్లల గుంపు నీటి పైకొచ్చి కదులుతుంటే కింద తల్లీతండ్రీ కాపలా ఉంటాయి. అక్కడ కప్పని విసిరితే ఆకలి లేకపోయినా కొడతాయి, పిల్లల్ని కాపాడుకోవడానికి. అది ఆటగాడి గెలుపు ఎలా అవుతుంది? ఆ తల్లిని తీసేస్తే ఆ పిల్లలన్నీ పోయినట్టే.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని మరపడవలు, మోటారు బోట్లు ఆపేస్తారు. నా దగ్గర మోటారు లేదు, పడవా లేదు. అయినా బోట్లన్నీ ఒడ్డున కట్టేసి, వాటి మీద బతికేవాళ్లు రెండు నెలలు చేతులు ముడుచుకుని కూర్చుంటే, వాళ్ల కళ్లముందు సరదాకి స్పూన్ విసరబుద్ధి కాదు. ఆ రెండు నెలలూ ఇసుకలో గాలం లేని సీసం ముక్క విసురుతూ కాస్టింగ్ ప్రాక్టీస్ చేస్తా. నేర్చుకోవాలనుకుంటే మీకూ అదే మంచి సీజన్. పడటానికి ఏమీ ఉండదు కాబట్టి ధ్యాసంతా చేతుల మీదే ఉంటుంది.

ఈలోగా తాత నాకో పని అప్పజెప్పాడు. మా అపార్ట్‌మెంట్‌లో ఖాళీ అయిన తెల్ల బియ్యం సంచులు పారేయకుండా తెచ్చి ఇవ్వమన్నాడు. ఇప్పటికి నాలుగు పోగయ్యాయి.