అమ్మ మీద కప్పిన గుడ్డ

శాలిబండలో ఓ చిన్న నర్సింగ్‌హోమ్. అమ్మకి గాల్‌బ్లాడర్ ఆపరేషన్. "గుడ్డ షీట్లు వాడమంటారా, డిస్పోజబులా? డిస్పోజబుల్ అయితే బిల్లు ఎక్స్‌ట్రా బాబూ" అంది సిస్టర్. వాడి పారేసేదే మంచిదని పర్సు తీయబోయి, అలవాటుగా ఫోన్‌లో వెతికాను. స్టెరైల్‌గా ఉంటే ఏదైనా వాడొచ్చని 2016లోనే డబ్ల్యూహెచ్‌వో చెప్పింది. చిక్కల్లా తడితోనే. మామూలు నూలుగుడ్డ తడిస్తే క్రిములు దాటొస్తాయి.

"మీది తడిస్తే?" అడిగాను.

ఉతికిన షీటొకటి తెచ్చి నీళ్లు చిలకరించింది. చుక్కలు జారిపోయాయి. ట్యూబ్‌లైటుకి ఎత్తి చూపింది. చిల్లు కనబడితే పక్కన పడేస్తారట. గుడ్డకే సరేనన్నాను.

అయినా కుట్లు విప్పేదాకా, చీము పట్టిందేమోనని రోజూ చూస్తూనే ఉన్నా. "డబ్బులకి చూశావేంట్రా?" అని అమ్మ నవ్వింది. కొంచెం చూశానమ్మా.