పరుగు, ఫోను, సైకిలు చక్రం

మా రాయగడలో తెల్లవారకముందే రోడ్డెక్కి పరుగెత్తేవాళ్లు రెండు రకాలు. ఆర్మీ సెలెక్షన్‌కో పోలీసు సెలెక్షన్‌కో తయారవుతున్న అన్నలు ఒక రకం. డాక్టరు షుగరుందని చెప్పాక బూట్లు కొనుక్కున్న పెద్దవాళ్లు రెండో రకం. మొదటివాళ్లు మాట్లాడకుండా పరుగెత్తుతారు, రెండోవాళ్లు మాట్లాడుకుంటూ నడుస్తారు. మధ్యలో నాలాంటి ఆడపిల్ల కనిపిస్తే రెండు రకాలవాళ్లూ ఒకసారి వెనక్కి తిరిగి చూస్తారు. నేను ఏ రకమో నాకూ తెలీదు. స్కూలు స్పోర్ట్సులో 1500 మీటర్లకు పేరిచ్చాను, అప్పటినుంచి మానలేదు, అంతే.

పరుగు మొదలుపెట్టడానికి పెద్దగా ఏమీ అక్కర్లేదు. మానకుండా ఉండడానికే బోలెడు కావాలి. రెండో రోజుకి పిక్కలు పట్టేస్తాయి, నాలుగో రోజు వాన, ఆరో రోజు యూనిట్ టెస్టు. ఆ తర్వాత దుప్పటి ముసుగులోంచి చెయ్యి బయటికి రాదు. ఈ బద్ధకాన్ని గెలవడానికి ప్రపంచంలో ఎన్ని యాప్‌లు, ఎన్ని వాచీలు, ఎన్ని రకాల బూట్లు తయారు చేశారో తెలిస్తే ఆశ్చర్యం వేస్తుంది. మా ఇంట్లోకి వాటిలో వచ్చింది ఒక్క యాప్. అదీ మా నాన్న ఫోన్లో. ఆరున్నరకు నాన్న డ్యూటీకి వెళ్తే ఫోనూ వెళ్లిపోతుంది కాబట్టి ఐదు నుంచి ఆరు వరకు అది నాది.

నేను ఒక్కదాన్నే వెళ్లను. మా పెద్దనాన్న కొడుకు, అన్నయ్య, తోడు వస్తాడు. నిజం చెప్పాలంటే వాడికి నేనే తోడు. వాడికి ఇరవై నిండాయి. అగ్నివీర్‌కి వయసు పరిమితి దాటితే పనికిరారు. రాత పరీక్ష అయ్యాక ర్యాలీలో 1600 మీటర్లు పరుగెత్తించాలి కదా, 5 నిమిషాల 30 సెకన్లలోపు వస్తే 60 మార్కులు, ఆ తర్వాత వస్తే మార్కులు తగ్గిపోతాయి. వాడి జీవితం మొత్తం ఆ ఐదున్నర నిమిషాల్లో ఉందని మా పెద్దమ్మ అనుకుంటుంది. వాడు బయటికి అనడు.

యాప్ ఎలా పనిచేస్తుందో మొదట్లో నాకు మంత్రంలా ఉండేది. జేబులో ఫోను పెట్టుకుని పరుగెత్తి వస్తే ఎంత దూరం, ఎంతసేపు, ఒక్కో కిలోమీటరుకు ఎన్ని నిమిషాలు, అన్నీ చెప్పేస్తుంది. మ్యాపు మీద నారింజ రంగు గీత కూడా గీస్తుంది. సైన్సు సార్‌ని అడిగితే చెప్పారు. భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తులో జీపీఎస్ ఉపగ్రహాలు తిరుగుతుంటాయి. కనీసం నాలుగింటి నుంచి వచ్చే సిగ్నల్ ఎంత సమయం తీసుకుందో లెక్కకట్టి, మనం ఎక్కడున్నామో ఫోను తేల్చుకుంటుంది. చుట్టూ గోడలు, చెట్లు, కొండలు ఉంటే సిగ్నల్ దేనికో తగిలి తిరిగొస్తుంది, లెక్క తప్పుతుంది. మా ఊరు కొండల మధ్య ఊరు. ఒకరోజు గీత చూస్తే నేను రోడ్డు దిగి, నాగావళి నీళ్ల మీద నాలుగడుగులు పరుగెత్తి, మళ్లీ రోడ్డెక్కినట్టుంది! మా తమ్ముడు ఆ మ్యాపు వీధంతా చూపించాడు.

నవ్వుకుని ఊరుకున్నాం గానీ, ఆ నీళ్ల మీద పరుగు సంగతే తర్వాత మాకు పెద్ద లెక్క అయింది.

అన్నయ్య ఇంటి దగ్గర్నుంచి ఒక దారి పెట్టుకున్నాడు. ఫోను 1.6 కిలోమీటర్లు అనగానే ఆగుతాడు. మొదట్లో ఆరు నిమిషాలు పట్టేది, తగ్గించుకుంటూ వచ్చి 5 నిమిషాల 26 సెకన్లకు తెచ్చాడు. ఆ రోజు పెద్దమ్మ పాయసం చేసింది. కానీ మా పీఈటీ సార్ వాడి పరుగు చూసి ఒక్క మాట అన్నారు: "ఆ దారి కొలిచారా, ఫోను చెప్పిందేనా?" గ్రౌండులో ట్రాకు గీసి ఉంటే నాలుగు చుట్లు కొడితే తేలిపోయేది. అప్పుడు చైతి ఉత్సవాలు, గ్రౌండు నిండా స్టాళ్లే. అందుకని సార్ సైకిలుతో కొలవమన్నారు.

ఇది సార్ సొంత ఉపాయం అనుకున్నాను. కాదట. పెద్ద పెద్ద మారథాన్ల దారులను ఇప్పటికీ సైకిలుతోనే కొలుస్తారు. ముందు చక్రానికి జోన్స్ కౌంటర్ అనే చిన్న మీటరు బిగించి, చక్రం ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెడతారు. దారి పొరపాటున కూడా తక్కువ కాకూడదని కిలోమీటరుకు ఒక మీటరు చొప్పున ఎక్కువే కలుపుతారట. అన్ని ఉపగ్రహాలుండగా సైకిలు చక్రాన్ని నమ్ముతున్నారంటే నాకు భలే సంతోషం వేసింది.

మా దగ్గర జోన్స్ కౌంటర్ లేదు. పెద్దనాన్న సైకిలుంది. ముందు చక్రం పుల్లకు ఎర్ర గుడ్డపేలిక కట్టాం. చక్రాన్ని నేల మీద ఒక్క చుట్టు దొర్లించి టేపుతో కొలిస్తే 2.2 మీటర్లు. వృత్త పరిధి లెక్కలు పరీక్షల్లో తప్ప ఎక్కడా పనికిరావనేవాళ్లు ఇది చదవాలి. ఆదివారం పొద్దున్న అన్నయ్య సైకిలు నడిపిస్తూ వచ్చాడు, గుడ్డ కిందికి వచ్చినప్పుడల్లా నేను లెక్కపెట్టాను. యాభై అవగానే ఒక గులకరాయి జేబులో. షుగరు మావయ్యలు ఆగి "ఏటమ్మా, రోడ్డు కొంటున్నారా?" అని అడిగారు. చివరికి జేబులో పదమూడు రాళ్లు, పైన నలభై ఒకటి. మొత్తం 691 చుట్లు. 2.2తో గుణిస్తే 1520 మీటర్లు.

ఎనభై మీటర్లు తక్కువ! ఫోను గీత అటూ ఇటూ వంకర్లు పోయి, ఆ వంకర్లన్నీ దూరంలో కలిపేసుకుంది. అన్నయ్య ఆ లెక్కన వేసుకుంటే వాడి 5:26 అసలు 1600 మీటర్లకు 5:43 అవుతుంది. వాడు సైకిలుకు ఆనుకుని కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ తర్వాత "ర్యాలీలో తెలిసే బదులు ఇప్పుడే తెలిసింది కదా" అన్నాడు. సుద్దముక్కతో రోడ్డు పక్క రాయి మీద కొత్త గీత గీశాడు. ఇప్పుడు మా ఆట ఆ రాయి దాకా.

ఇంతకీ యాప్ దండగ అని కాదు నేను చెప్పేది. దూరం కొలవడంలో దాన్ని పూర్తిగా నమ్మను గానీ, పొద్దున్నే లేపడంలో అది మా అమ్మకంటే గట్టిది. వరుసగా ఎన్ని రోజులు పరుగెత్తామో చూపిస్తుంది. పదకొండు రోజులు నిండాక పన్నెండో రోజు మానాలంటే మనసొప్పదు. కోరాపుట్‌లో మా పిన్ని ఇంటికి సంక్రాంతి సెలవులకు వెళ్లినప్పుడు కూడా అందుకే లేచాను. రాయగడ సముద్రమట్టానికి రెండొందల మీటర్ల పైచిలుకు ఎత్తు, కోరాపుట్ సుమారు 870. జనవరిలో అక్కడి పొద్దున్న నోట్లోంచి పొగ. దారి అయితే ఎక్కడం, లేదంటే దిగడం, చదునన్నది లేదు. నా సమయం కిలోమీటరుకు నిమిషం పైగా పెరిగిపోయింది. ఏడుపొచ్చేదే, కానీ యాప్ కింద చిన్న అక్షరాల్లో ఎంత ఎత్తు ఎక్కానో కూడా చూపించింది. అది చూశాక పిన్ని చేసిన ఉప్మా రెండుసార్లు వడ్డించుకున్నాను.

అడుగుల లెక్క మాత్రం నాకు నచ్చదు. రోజుకు పదివేల అడుగులు నడవాలని అందరూ అంటారు కదా, ఆ పదివేలు ఏ డాక్టరూ పరిశోధించి చెప్పిన అంకె కాదు. టోక్యో ఒలింపిక్స్ అయిన మరుసటి ఏడాది, 1965లో, జపాన్‌లో ఒక కంపెనీ అడుగులు లెక్కపెట్టే మీటరు అమ్మింది. దాని పేరుకే 'పదివేల అడుగుల మీటరు' అని అర్థం. పేరు బాగుంది, ప్రపంచమంతా పాకిపోయింది. సంతరోజు కొండ మీది ఊళ్ల నుంచి నెత్తిన గంపలతో దిగి వచ్చే కోంధ్ ఆడవాళ్లకు ఎవరు మీటరు కట్టారు? వాళ్లు మా ఇంటి ముందు ఆగి నీళ్లు తాగి, మళ్లీ గంప ఎత్తుకుని నడుస్తారు. వాళ్లను చూసినప్పుడు నా పదకొండు రోజుల గొప్ప కొంచెం తగ్గుతుంది.

ఇంకో సంగతి ఆడపిల్లలూ వాళ్ల అమ్మలూ తప్పకుండా తెలుసుకోవాలి. స్ట్రావా అనే యాప్ 2009లో అమెరికాలో మొదలైంది. అందులో మనం పరుగెత్తింది అందరికీ కనబడుతుంది, వాళ్లు మెచ్చుకుంటూ బొటనవేలు గుర్తు పెడతారు. ఎక్కడో బెంగళూరులో ఎవరో మెచ్చుకుంటే నిజంగానే ఉత్సాహం వస్తుంది. అది చూపిస్తే మా అమ్మ బొటనవేలు చూడలేదు, మ్యాపు చూసింది. "ఏటే ఇది, నువ్వు ఏ ఇంట్లోంచి బయల్దేరి ఏ దారంట ఎల్తావో ఊరందరికీ తెలిసిపోతాదా?" అంది. మా అమ్మ చదివింది ఏడో తరగతి. ఆమె అడిగిన ఈ ప్రశ్నే 2018 జనవరిలో పెద్ద పెద్ద దేశాల సైన్యాలు అడగవలసి వచ్చింది. స్ట్రావా వాళ్లు లోకంలో ఎవరు ఎక్కడ పరుగెత్తుతున్నారో కలిపి వెలుగు గీతలతో ఒక మ్యాపు విడుదల చేశారు. ఎడారుల మధ్య చీకట్లో కొన్ని గీతలు మెరిశాయి. సైనికులు తమ స్థావరాల చుట్టూ పరుగెత్తిన దారులవి. ఇరవై ఏళ్ల ఆస్ట్రేలియా విద్యార్థి ఒకరు ఆ సంగతి కనిపెట్టి లోకానికి చెప్పాడు.

నేను అదే రోజు సెట్టింగుల్లోకి వెళ్లి 'నాకు మాత్రమే' అని పెట్టాను. అయినా అమ్మ ఒప్పుకోలేదు. వారం రోజులు పరుగు బంద్. అన్నయ్య తోడున్నాడంటే "వాడు ముందు పోతాడు, నువ్వు ఎనకబడతావు, మద్దెలో ఎవరుంటారు?" అంది. అది నిజమే, నేను ఏమీ అనలేకపోయాను. ఫోన్లో మనం ఎక్కడున్నామో ఇంట్లోవాళ్లకు ఎప్పటికప్పుడు చూపించే సౌకర్యం ఉంది గానీ, అమ్మది బటన్ల ఫోను. చివరికి కుదిరిన ఒప్పందం ఇది: రాయి దగ్గరికి చేరగానే ఒక మిస్డ్ కాల్, తిరుగు దారిలో గుడి మలుపు దగ్గర ఇంకొకటి. రెండోది ఐదు నిమిషాలు ఆలస్యమైతే అమ్మే రోడ్డు మీదికి వస్తుంది. ఒకసారి వచ్చింది కూడా, చేతిలో అట్లకాడతో. నా పరుగుకు బాగా పనికొచ్చిన సాధనం ఏదంటే ఆ పైసా ఖర్చులేని మిస్డ్ కాలే. అది లేకపోతే నేను ఈ వ్యాసమే రాసేదాన్ని కాదు.

బూట్ల గురించి ఎక్కువ చెప్పను, ఎందుకంటే నా దగ్గరున్నవి డ్రిల్లుకు వేసుకునే తెల్ల కాన్వాస్ బూట్లే. 1960 రోమ్ ఒలింపిక్స్ మారథాన్‌లో ఇథియోపియాకు చెందిన అబెబె బికిలా ఉత్త కాళ్లతో పరుగెత్తి బంగారు పతకం గెలిచాడని అన్నయ్యతో అంటే, "ఆయన కాళ్లు తెస్తే నీకూ బూట్లక్కర్లేదు" అన్నాడు. ఖరీదైన వాచీలు మణికట్టు మీద ఆకుపచ్చ వెలుగు వేసి గుండె కొట్టుకోవడం లెక్కపెడతాయి. నేను మెడ పక్కన రెండు వేళ్లు పెట్టి పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణిస్తాను.

మిగతావన్నీ నోటుబుక్కులోకి ఎక్కుతాయి. మారథాన్ దూరాన్ని రెండు గంటలలోపు, 1 గంట 59 నిమిషాల 40 సెకన్లలో పరుగెత్తిన కెన్యా వీరుడు ఎలియుడ్ కిప్చోగే కూడా తన సాధన వివరాలు నోటుబుక్కులో చేత్తో రాసుకుంటాడని తెలిశాక నా రూళ్ల పుస్తకానికి అట్ట వేశాను. తారీఖు, దూరం, సమయం, చివర ఒక గడి 'ఎలా ఉంది' అని. ఆ చివరి గడి ఎందుకు పెట్టానంటే జ్యోతి యర్రాజి వల్ల. ఆమె మన విశాఖపట్నం అమ్మాయి. తండ్రి సెక్యూరిటీ గార్డు. మన భువనేశ్వర్ కళింగ స్టేడియంలో శిక్షణ తీసుకుంది. 2022 ఏప్రిల్‌లో కోజికోడ్‌లో 100 మీటర్ల హర్డిల్స్ 13.09 సెకన్లలో పూర్తి చేసింది. అది జాతీయ రికార్డు కంటే మెరుగు. కానీ వెనక నుంచి వీచిన గాలి సెకనుకు 2.1 మీటర్లు ఉంది. 2.0 దాటితే రికార్డు ఒప్పుకోరు. అంటే సున్నా పాయింట్ ఒకటి గాలి ఎక్కువైంది! ఆ మరుసటి నెల, మేలో, సైప్రస్‌లో 13.23లో పరుగెత్తి రికార్డు సాధించింది. అంతకుముందు ఇరవై ఏళ్లుగా ఆ రికార్డు ఒడిశా క్రీడాకారిణి అనురాధా బిస్వాల్‌ది, 13.38. తెలుగమ్మాయి ఒడియా అక్క రికార్డును దాటడం చదివినప్పుడు, ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా మాట్లాడే నాకు ఎవరి పక్షాన ఉండాలో తెలియలేదు.

అంకె పక్కన గాలి ఎటుందో కూడా రాయాలని అప్పుడనిపించింది. ఇప్పుడు అన్నయ్య పరుగూ నా నోటుబుక్కులోనే రాస్తున్నాను. సుద్దగీత గీసిన రాయి దగ్గర నిలబడి నేను ఫోన్లో స్టాప్‌వాచ్ నొక్కుతాను. కొత్త దూరానికి మొదటి రోజు 5:44. తర్వాత 5:41. వానలప్పుడు మళ్లీ 5:47. పోయిన ఆదివారం 5:33. ఇంకా మూడు సెకన్లు, అంటే వాడి వేగానికి పద్నాలుగు పదిహేను మీటర్లు. వాడు మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని రొప్పుతూనే పుస్తకం లాక్కుని, చివరి గడిలో తనే రాశాడు: "ఎదురుగాలి."